ఊరి కంట పడనివాళ్ళు

మానసిక రోగి అనగానే ఎవరు గుర్తొస్తారు? మన పట్నాల్లో చాలామందికి బస్టాండు దగ్గరి మనిషే గుర్తొస్తాడు. జడలు కట్టిన జుట్టు, రోహిణి కార్తెలో కూడా ఒంటిమీద రెండు చొక్కాలు, చంకలో గుడ్డల మూట, ఎవరితోనో ఎడతెగని వాదన. పొద్దున్నే హోటలాయన ఓ పొట్లంలో రెండు ఇడ్లీలు కట్టిస్తాడు. బడి వదిలాక పిల్లలు వెంటపడతారు. ఆయన పేరు ఎవరికీ తెలీదు గానీ, ఆయన్ని ఎరగనివాళ్ళు ఊళ్ళో ఉండరు.

అక్కడికి రెండు సందుల అవతల ఇంకొకాయన ఉన్నాడనుకుందాం. బ్యాంకులో గుమాస్తా. ఇరవయ్యేళ్ళ వయసులో ఆయనకీ ఎవరూ లేనిచోట మాటలు వినపడ్డాయి, అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అనుమానం పట్టుకుంది. ఇంట్లోవాళ్ళు జాగు చెయ్యకుండా వైద్యం చేయించారు. ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక ఒక మాత్ర, మూణ్ణెల్లకోసారి పక్క జిల్లాలో డాక్టరు దగ్గరికి ప్రయాణం. సొంత ఊళ్ళో ఆ క్లినిక్ మెట్లెక్కితే చూసేవాళ్ళుంటారు కాబట్టి పక్క జిల్లా. ఆయన చీటీలు కడతాడు, యూనియన్ మీటింగులకి వెళతాడు, కూతురికి స్కూటీ నేర్పుతాడు. సంగతి భార్యకీ అన్నగారికీ తప్ప మూడో మనిషికి తెలీదు.

ఇద్దరిదీ ఒకటే జబ్బు, స్కిజోఫ్రెనియా. ఊరికి తెలిసింది మాత్రం మొదటాయన ఒక్కడే.

మానసిక రోగాల మీద మన సమాజానికున్న ఏవగింపుకి మూఢనమ్మకం, చదువులేమి కారణాలని తేల్చెయ్యడం పరిపాటి. నాకలా తోచదు. ఊరు తన కంటికి కనిపించిన సాక్ష్యం మీదే తీర్పు చెబుతోంది. ఆ సాక్ష్యంలో సగం చేరడం లేదు. వైద్యం అందనివాడు నడివీధిలో ఉంటాడు, వైద్యంతో కోలుకున్నవాడు నోరు మెదపడు. అలాంటప్పుడు ‘ఈ జబ్బు వస్తే మనిషి ఇక అంతే’ అని ఊరు నమ్మడంలో తర్కదోషం ఏమీ లేదు. అసలు తంటా అదే.

ఈ పొరపాటు డాక్టర్లకీ తప్పదు. 1984లో పాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే అమెరికన్ పరిశోధకులు దీనికి ‘వైద్యుడి భ్రమ’ అని పేరు పెట్టారు. నయమైనవాళ్ళు ఆసుపత్రికి రావడం మానేస్తారు. నయం కానివాళ్ళు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటారు. ఏ రోజు ఓపీలో కూర్చుని చూసినా ఎదురుగా ఉండేది ఎక్కువగా ఈ రెండో రకమే. దాంతో జబ్బు నిజంగా ఉన్నదానికంటే మొండిదని డాక్టరుకే అనిపిస్తుంది. పుస్తకాలు చదివిన డాక్టరుకే ఇలా అనిపిస్తే బడ్డీకొట్టు మీద కూర్చున్నవాణ్ణి ఏమనగలం?

మద్రాసులో 1981లో మొదలైన ఒక అధ్యయనం ఈ భ్రమకి మంచి విరుగుడు. స్కిజోఫ్రెనియా తొలిసారి బయటపడిన 90 మందిని ఎంచుకుని, డాక్టర్ ఆర్. తారా బృందం ఏళ్ళ తరబడి వాళ్ళ వెంటే ఉంది. వచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టకుండా, రానివాళ్ళ ఇళ్ళకి తామే వెళ్ళి చూడటం ఇందులో గొప్పతనం. పదేళ్ళు గడిచేసరికి వాళ్ళలో ఎక్కువమందికి లక్షణాలు సద్దుమణిగాయి. ఎక్కువమందికి పెళ్ళిళ్ళూ అయ్యాయి. బస్టాండు దగ్గర నిలబడి చూస్తే ఈ ఫలితం ఎవరూ నమ్మరు.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ ఈ కనిపించేవాళ్ళ, కనిపించనివాళ్ళ తేడాని చాలా ముందే పట్టుకున్నాడు. 1950ల మధ్యలో ఆయన వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ అనే పెద్ద మానసిక చికిత్సాలయంలో చాలాకాలం గడిపి, వార్డుల్లో రోగుల బతుకు దగ్గర్నుంచి గమనించాడు. తరవాత, 1963లో, సామాజిక కళంకం మీద రాసిన పుస్తకంలో మచ్చ పడ్డవాళ్ళని రెండు రకాలుగా విడదీశాడు. మచ్చ బయటికి కనిపించేవాళ్ళు ఒక రకం. వీళ్ళకి ఎదుటివాళ్ళతో ప్రతి కలయికా ఒక ఇబ్బందే. మచ్చ లోపల ఉండి, ఎప్పుడు బయటపడుతుందో తెలియనివాళ్ళు రెండో రకం. ఎవరికి ఎంత చెప్పాలి, ఎవరి దగ్గర ఏది దాచాలి, నిన్న ఒకరికి చెప్పిన అబద్ధం ఇవాళ ఇంకొకరి దగ్గర ఎలా నిలబెట్టాలి అన్న లెక్కతోనే వీళ్ళకి రోజు గడుస్తుంది. మన గుమాస్తా జబ్బుతో కంటే ఈ లెక్కతోనే ఎక్కువ అలిసిపోతుంటాడని నా అనుమానం. రోగితో ఉన్న పాపానికి ఇంటిల్లిపాదికీ మచ్చ అంటుకోవడం గురించి కూడా గాఫ్‌మన్ రాశాడు. మన దేశంలో ఆ అంటుకోవడం ఇంటితోనూ ఆగదు. ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయమే కాదు, మెట్రో స్టేషన్ ఉంది, రైతుబజారు ఉంది, ఛాతీ ఆసుపత్రి ఉంది. అయినా హైదరాబాదులో ‘ఎర్రగడ్డకి పంపాలి’ అంటే ఏ పనికో ఎవరూ అడగరు. విశాఖలో చినవాల్తేరుకీ అదే గతి పట్టింది.

దాచిపెట్టడానికి ఎన్నో దారులు. అన్నిటికంటే ఎక్కువమంది నడిచేది ఒంటినొప్పుల దారి.

పల్లెల్లో ఏ ఆర్‌ఎంపీ దగ్గరైనా ఓ పూట కూర్చుంటే ఇది కళ్ళారా చూడొచ్చు. నలభై ఏళ్ళ మనిషి వస్తుంది. అరికాళ్ళలో మంటలు, తలలో పోటు, గుండెదడ, తిన్నది ఒంటపట్టడం లేదు, నిద్ర లేదు. ‘ఏమైనా దిగులా అమ్మా?’ అంటే వెంటనే ‘దిగులేంటయ్యా, గ్యాసు’ అంటుంది. ఆయనకీ సంగతి తెలియక కాదు. బలానికి ఒక సెలైన్ ఎక్కించి, బీ కాంప్లెక్స్ సూది పొడిచి, గ్యాస్ మాత్రలు కవర్లో వేసిస్తాడు. నెలలోపే మళ్ళీ వస్తుంది. ఆ తరవాత టౌనులో స్కానింగు, ఎండోస్కోపీ. రిపోర్టులన్నీ నార్మల్. ఖర్చు మాత్రం నార్మల్ కాదు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఆర్. రఘురాం, మిచెల్ వైస్ తదితరులు 1996లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ ముడినే విప్పింది. వాళ్ళు కుంగుబాటుతో వచ్చిన 80 మందిని కూర్చోబెట్టి, లక్షణాలతో పాటు, ‘ఇది నలుగురికీ తెలిస్తే ఏమవుతుంది’ అన్న భయాన్ని కూడా కొలిచారు. దిగులు, నిరాశ లాంటి కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా చెప్పినవాళ్ళలో కళంకభయం ఎక్కువగా ఉంది. ఒంటి బాధలు ఎక్కువగా చెప్పినవాళ్ళలో అది తక్కువగా ఉంది. కారణం రోగులే చెప్పారు. ఒళ్ళు నొప్పులు ఎవరికైనా వస్తాయి, వాటి గురించి అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవచ్చు. మనసు బాగోలేదంటే మాత్రం పెళ్ళిళ్ళ దగ్గర్నుంచి పరువు దాకా అన్నీ కదులుతాయి. మన రోగులకి మనసు గురించి చెప్పడం చేతకాదని, అందుకే ఒంటిమీదికి నెడతారని ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులు రాసేవారు. చేతకాకపోవడం ఏమీ లేదు. ఏ మాటకి ఎంత మూల్యం చెల్లించాలో వాళ్ళకి బాగా తెలుసు.

ఈ లెక్క చివరిదాకా, చావుదాకా కూడా సాగుతుంది. జిల్లా పేజీల్లో ‘కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య’ అన్న వార్త చదవని తెలుగువాళ్ళు ఉండరు. నిజంగా కడుపునొప్పి అయ్యుండొచ్చు. చాలాసార్లు ఆ మాట పోలీసులకీ, విలేఖరికీ, బంధువులకీ, అందరికీ సరిపడే ముసుగు. ఆత్మహత్యాయత్నం నేరమని భారత శిక్షాస్మృతి 309వ సెక్షను చెప్పినన్నాళ్ళూ, ప్రాణాలతో బయటపడ్డవాళ్ళ ఇంట్లో కూడా ‘పొరపాటున జరిగింది’ అనే చెప్పేవారు. కేసు భయంతో అసలు కారణం డాక్టరుకీ చెప్పేవారు కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆ స్థితిలో ఉన్న మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, ప్రభుత్వం ఆదుకోవాలనీ అంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో 309కి సమానమైన సెక్షనే లేదు. చట్టం మారినా ఇళ్ళలో నోళ్ళు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. (ఇలాంటి ఆలోచనలు పీడిస్తుంటే 14416 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. అది టెలీమానస్, ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడతారు.)

ఇన్ని దాపరికాల వెనక అసలు భయం ఒక్కటే: పెళ్ళి. చెన్నైలో స్కిజోఫ్రెనియా రోగుల కుటుంబాలను తారా, శ్రీనివాసన్ ప్రశ్నించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మనసుని పట్టి పీడించే వాటిలో పెళ్ళి సంబంధాల దిగులూ, ఇరుగుపొరుగు వెలివేస్తారన్న భయమూ, సంగతి దాచిపెట్టాల్సి రావడమూ ముందు వరసలో నిలిచాయి. మనకి ఇది తెలియనిదేం కాదు. సంబంధం కుదిరే ముందు అటువాళ్ళు ఊళ్ళో వాకబు చేస్తారు. ‘వాళ్ళ వంశంలో ఏదైనా ఉందా?’ అన్న ప్రశ్న కిరాణా కొట్టుదాకా వెళుతుంది. అందుకే చెల్లెలి పెళ్ళిచూపుల రోజున అన్నని మేనమామ ఇంటికి పంపేస్తారు.

వంశం మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చూద్దాం. జన్యువుల పాత్ర నిజమే. స్కిజోఫ్రెనియా జనాభాలో దాదాపు నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే ఆ అవకాశం పదింట ఒకటి దాకా పెరుగుతుంది. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి రాదు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉన్నా, రెండోవారికి రావడమూ రాకపోవడమూ ఇంచుమించు సగం సగం. రోగుల్లో ఎక్కువమందికి దగ్గరి చుట్టాల్లో ఆ జబ్బు ఉన్నవాళ్ళే ఉండరు. షుగరు కూడా వంశాల్లో నడుస్తుంది. షుగరుందని సంబంధం తప్పిపోయిన ఇల్లు నేనైతే చూడలేదు.

అబ్బాయి విషయంలో దాపరికం పెళ్ళితో కొంత గట్టెక్కుతుంది. అమ్మాయి విషయంలో పెళ్ళితోనే మొదలవుతుంది. ‘పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది’ అని పెద్దలు ధైర్యం చెప్పి, మాత్రల సంగతి అత్తవారికి చెప్పకుండానే పంపుతారు. కొత్త ఇంట్లో మాత్ర వేసుకోవడానికి చాటు దొరకదు. అడిగితే ఏం చెప్పాలి? స్నానాలగదిలో ఓ వారం, సూట్‌కేసు అడుగున దాచి ఇంకో వారం, ఆ తరవాత మానేస్తుంది. కొన్ని నెలల్లో నిద్ర పోతుంది, అనుమానాలు తిరిగొస్తాయి. దాచిన సంగతి అన్నిటికంటే చెడ్డ రూపంలో బయటపడుతుంది, మోసం చేసి కట్టబెట్టారన్న నింద కూడా తోడవుతుంది. మానసిక వైద్యుల దగ్గర వారానికొకటైనా ఇలాంటి కథ వినపడుతుంది. దాచడం వల్ల మందు ఆగింది, మందు ఆగడం వల్ల జబ్బు తిరగబెట్టింది, తిరగబెట్టడం చూసి ఊరు ‘ఈ జబ్బు పోదు’ అని ఇంకోసారి రూఢి చేసుకుంది.

చెన్నైలోనే, స్కిజోఫ్రెనియా వల్ల కాపురం చెదిరిన స్త్రీలతో మాట్లాడినప్పుడు ఇంకో చేదు నిజం తేలింది. జబ్బు మచ్చ కంటే మొగుడు వదిలేసిందన్న మచ్చే వాళ్ళకి ఎక్కువ బరువుగా ఉంది. పుట్టింట్లో వదినలు, తమ్ముళ్ళ మధ్య తల్లిదండ్రులున్నన్నాళ్ళు ఒక మూల. తరవాత ఎవరన్నది జవాబు లేని ప్రశ్న.

కోర్టులు ఇక్కడ కొంత నయం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకి ఒక కారణం. అయితే జబ్బు పేరు చూపిస్తే చాలదని, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందని రుజువు చెయ్యాలని 1988లోనే సుప్రీంకోర్టు అంది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులోనూ అదే మాట చెప్పి, భర్తకి విడాకులు నిరాకరించింది. తీర్పు మంచిదే. ఆ తీర్పు దాకా చేరడానికి ఏళ్ళకేళ్ళు కోర్టు మెట్లెక్కిన మనిషి కాపురం గురించి మాత్రం తీర్పులు ఏమీ చెప్పవు.

దాచలేని స్థితి వచ్చినప్పుడు కుటుంబం దూరం వెతుక్కుంటుంది. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఏర్వాడి దర్గా చుట్టూ అలాంటి దూరమే వ్యాపారమైంది. దర్గాకి మొక్కుకోవడానికి వచ్చినవాళ్ళ కోసం మొదలైన వసతిగృహాలు, నెలకింతని డబ్బు తీసుకుని రోగులను అట్టిపెట్టుకునే షెడ్లుగా మారాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక షెడ్డుకి నిప్పంటుకుంది. లోపలివాళ్ళు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, లైసెన్సు లేని షెడ్లు మూతపడ్డాయి. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదన్న నిషేధం 2017 చట్టంలో స్పష్టంగా చేరింది.

ఏర్వాడి చెప్పగానే తప్పంతా భక్తి మీద వేసేవాళ్ళున్నారు. ఆ దుర్ఘటన జరిగిన మరుసటి ఏడాదే రఘురాం బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో సంగతి ప్రచురించింది. తమిళనాడులోనే ఒక చిన్న గుడికి తీవ్ర మానసిక రోగులను తీసుకొచ్చి కొన్ని వారాలు ఉంచుతారు. అక్కడ రోగికి తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండాలి, చేతనైన గుడి పనులు చేస్తూ ఉండొచ్చు. అలా ఉన్న 31 మందిని పరీక్షిస్తే, మందులేవీ లేకుండానే లక్షణాల తీవ్రత సగటున ఐదో వంతు దాకా తగ్గింది. మందులకి ఇది ప్రత్యామ్నాయం అని నేను అనను. ఏర్వాడి షెడ్డులోనూ ఈ గుడిలోనూ నమ్మకం ఒకలాంటిదే, మనిషిని చూసిన తీరే వేరు. పంజాబులో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే ఈ కిటుకు గ్రహించారు. అమృత్‌సర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్ళనీ ఉండమన్నారు. పక్క గుడారంలో రోగి కోలుకోవడం కళ్ళారా చూసిన కుటుంబం, తమవాణ్ణి వదిలించుకోవాలన్న ఆలోచన మానుకునేది.

మరి దీన్నంతా మార్చడం ఎలా? చాలాకాలం పాటు నిపుణులు నమ్మిన మందు ఒకటుంది: ఇది మెదడు జబ్బని, రసాయనాల తేడా అని, షుగరు బీపీల్లాంటిదేనని జనానికి చెప్పడం. చెప్పారు కూడా. అమెరికాలో బెర్నీస్ పెస్కొసొలీడో బృందం 1996లోనూ 2006లోనూ ఒకే ప్రశ్నలతో సర్వే చేసి చూసింది. పదేళ్ళలో మెదడు కారణాన్ని ఒప్పుకునేవాళ్ళు బాగా పెరిగారు. వైద్యం చేయించాలనేవాళ్ళూ పెరిగారు. ‘మరి అలాంటివాళ్ళు మీ పక్కింట్లో దిగితే? మీ ఇంటికి కోడలిగా వస్తే?’ అన్న దగ్గర మాత్రం జవాబులు ఉన్నచోటే ఉన్నాయి. మెదడులోనే తేడా అంటే, అది ఎప్పటికీ పోదనీ, ఎప్పుడేం చేస్తారో తెలీదనీ కొందరు అర్థం చేసుకుంటారు. దయ్యం పట్టిందంటే దిగిపోతుందన్న ఆశైనా ఉండేది!

పని చేస్తున్నట్టు రుజువైంది ఇంకొకటి. ప్యాట్రిక్ కారిగన్ బృందం 14 దేశాల్లో జరిగిన 72 అధ్యయనాలను 2012లో కలిపి పరిశీలించింది. పెద్దవాళ్ళ మనసు మార్చడంలో పాఠాల కంటే, ఆ జబ్బు నుంచి కోలుకున్న మనిషిని కలవడం ఎక్కువ పని చేసింది. వీడియోలో చూడటం కంటే ఎదురుగా చూడటం ఇంకా ఎక్కువ పని చేసింది. ఊరికి అందని సగం సాక్ష్యం అందితే తీర్పు మారుతుందన్నమాట.

మన దగ్గర దీన్ని పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ప్రయత్నించారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున పల్లబ్ మౌలిక్ బృందం ముందుగా కళంకం మీద ప్రచారం చేసింది: కరపత్రాలు, నాటకం, జబ్బు అనుభవించిన మనిషి మాట్లాడిన వీడియో. ఆ తరవాత ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నిద్ర, దిగులు, ఒత్తిడి గురించి ప్రశ్నలడిగారు. ముప్ఫై ఊళ్ళలో 5,007 మందిని పరీక్షిస్తే 238 మందికి సాయం అవసరమని తేలింది. వాళ్ళలో అంతకుముందు ఏనాడైనా వైద్యం కోసం వెళ్ళినవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. ప్రయత్నం ముగిసేసరికి 12.6 శాతం వెళ్ళారు. పెద్ద గెలుపని చప్పట్లు కొట్టొచ్చు. నూటికి 87 మంది అప్పటికీ వెళ్ళలేదని కూడా గుర్తుపెట్టుకోవాలి. దేశం మొత్తం లెక్క కూడా ఇలాగే ఉంది. 12 రాష్ట్రాల్లో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్ళలో వైద్యం అందనివాళ్ళు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

కాబట్టి కోలుకున్నవాళ్ళు ముందుకొచ్చి మాట్లాడాలి అనడం తేలిక. దానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఉన్న తల్లిని మైకు పట్టుకోమనడం నాకు న్యాయంగా తోచదు. 2015లో దీపికా పదుకొణె తన కుంగుబాటు గురించి చెప్పుకున్నాక కుంగుబాటు అన్న మాట పలకడం చాలామందికి సులువైంది. స్కిజోఫ్రెనియా ఉన్న గుమాస్తాకి మాత్రం ఆ సులువు ఇంకా రాలేదు. సినిమా తార ఎవరికీ పక్కింటి మనిషి కాదు. పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళయిపోయి బాధ్యతలు తీరినవాళ్ళు, కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్ళు ముందు నోరు విప్పాలి. మిగతావాళ్ళకి ఆ వెసులుబాటు వచ్చేదాకా ఆగే హక్కుంది.

ఈలోగా చెయ్యగలిగింది ఒకటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మానసిక వైద్యానికి వేరే గది, వేరే రోజు, తలుపు మీద వేరే బోర్డు పెడితే ఆ తలుపు ముందు ఎవరూ నిలబడరు. బీపీ, షుగరు మాత్రలిచ్చే కిటికీ దగ్గరే, అదే వరసలో, అదే కాగితం కవర్లో ఈ మాత్రలూ ఇవ్వాలి. ఎవరైనా అడిగితే ‘బీపీకి’ అని చెప్పుకుంటారు. అదీ దాపరికమే, కాదనను. మందు మానేసి దాచడానికీ మందు వేసుకుంటూ దాచడానికీ మధ్య ఎంచుకోమంటే, రెండోదానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.